అరికాళ్ళకు ఆనిన అరికాళ్ళు

సుగంధి ఇంట్లో కూడా చెప్పులు వేసుకునే తిరిగేది. కడంబత్తూరు చుట్టుపక్కల అట్లా తిరిగే ఆడమనిషి ఇంకొకరు లేరు. వంటింట్లోకి ఒక జత, పెరట్లోకి ఒక జత, చేనికి ఒక జత. దేవుడి మూలకు మాత్రం విడిచి పోయేది. ఆ బండల కింద ఏమీ లేదని ఆమెకు తెలుసు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు చూసి ముక్కున వేలేసుకుంటే, భర్త వరదన్ అడ్డుపడ్డాడు. "దానికి కాళ్ళ పగుళ్ళుమా, నేల తగిలితే మంట" అన్నాడు. ఊరంతా ఆ మాటే నమ్మింది. కొడుకు సతీష్, కోడలు ధరణి కూడా అదే నమ్ముతూ వచ్చారు.

అసలు సంగతి వేరు.

సుగంధి పుట్టింది పళ్ళిపట్టు పక్కన ఒక చిన్న ఊళ్ళో. తండ్రి మునెయ్య నీళ్ళు చూసేవాడు. బావి తవ్వాలన్నా, బోరు వేయాలన్నా ఆ పక్క రైతులు ముందు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు. ఆయన అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేను పొడవునా నడిచేవాడు. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిటారుగా నిలబడేది. చూసినవాళ్ళు దండం పెట్టేవాళ్ళు. ఆయనకు కాస్త ముందుగా ఒక పిల్ల వట్టికాళ్ళతో నడుస్తూ ఉండేదని మాత్రం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కర్పూరమో పూలో మోసుకొచ్చిన పిల్ల అనుకునేవాళ్ళు. నిజానికి టెంకాయ మునెయ్య చెయ్యి చెప్పినట్టు ఆడేది. నీళ్ళు తెలిసేది ఆ పిల్ల అరికాళ్ళకు.

మిట్టమధ్యాహ్నం ఇసుక పేలాల మంగలంలా కాలుతున్నా సరే, నీళ్ళ మీదికి రాగానే సుగంధి కాళ్ళు చల్లబడేవి. తీపినీళ్ళయితే ఆ చలువ బొటనవేలి దగ్గర మొదలయ్యేది. ఉప్పునీళ్ళయితే మడమల్లో జివ్వుమనేది. ఆమె కాలివేళ్ళు ముడుచుకునేవి. వెనక వస్తున్న తండ్రి అది చూసి టెంకాయ లేపేవాడు. దీని గురించి తండ్రీకూతుళ్ళు ఒక్క మాటైనా మాట్లాడుకున్నది లేదు.

ఆమె పెద్దమనిషి కావడానికి కొంచెం ముందు ఒక మామిడితోటలో నీళ్ళు చూడటానికి పోయారు. చెట్ల మధ్య ఒకచోట చలువ తగిలింది. అయితే అది అరికాళ్ళతో ఆగలేదు. పిక్కలెక్కింది. మోకాళ్ళు దాటింది. అప్పుడు నేల అడుగు నుంచి ఎవరో తమ అరికాళ్ళు తెచ్చి ఆమె అరికాళ్ళకు ఆనించారు. తలకిందులుగా నిలబడిన మనిషి కాళ్ళు. మడమకు మడమ, వేలికి వేలు. సుగంధి ఒక అడుగు పక్కకు వేసింది. కింది కాళ్ళూ ఒక అడుగు వేశాయి. ఆమె ఆగితే అవీ ఆగాయి.

"నాయనా, ఈడ ఉండాది. నీళ్ళు కాదు, మనిషి" అంది.

మునెయ్య టెంకాయ పారేసి, పిల్లను రెండు చేతులా ఒక్కసారిగా పైకెత్తాడు. తోట దాటేదాకా దించలేదు. అక్కడ పూడ్చేసిన బావి ఒకటి ఉందనీ, తోటవాళ్ళ పెద్దకోడలు అందులో పడి పోయిందనీ తర్వాత తెలిసింది. ఆ రోజుతో ఆయన నీళ్ళు చూడటం మానేశాడు. కూతుర్ని ఇచ్చేటప్పుడు అల్లుణ్ణి పక్కకు పిలిచి సంగతంతా చెప్పి, "దీన్ని తెలీని నేల మింద వట్టికాళ్ళతో నడవనీబాక అబ్బోడా" అన్నాడు. పెళ్ళైన మర్నాడే వరదన్ తిరుత్తణి బజారులో చెప్పులు కొనిచ్చాడు. ఆ తర్వాత ఆ మాట మొగుడూ పెళ్ళాల మధ్య కూడా మళ్ళీ రాలేదు.

ఈ ఏడు మే నెలలో తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే రోడ్డు పక్కన, ప్లాట్లు వేసి రాళ్ళు పాతిన ఖాళీ నేలలో, గాలి బొమ్మల వాటర్ పార్కు వెలిసింది. బస్సులో పోయేవాళ్ళకు కూడా కనపడేంత ఎత్తున నీలం రంగు ఆక్టోపస్, దాని చేతుల మీదుగా జారే పిల్లలు. మనవరాలు భవ్యశ్రీ రెండో తరగతి. స్కూలు మూసినప్పటి నుంచి అదే పాట. సతీష్‌కు శ్రీపెరంబుదూరు పక్క కంపెనీలో షిఫ్టు పని. ఒక ఆదివారం సెలవు దొరకగానే అందరూ కారెక్కారు. ధరణి పులిహోర, పెరుగన్నం కట్టింది. వరదన్ పైపంచె మడిచి భుజాన వేసుకుని పెళ్ళికి పోతున్నంత సంబరంగా ముందు సీట్లో కూర్చున్నాడు.

గేటు దగ్గర ఒకామె గొడుగు కింద తాటిముంజలు పెట్టుకుని అమ్ముతోంది. నెరిసిన జుట్టు, ఎండకు మాడిన మొహం. అందరూ లోపలి ఆటలు చూస్తూ బేరం చేస్తుంటే ఆమె మాత్రం పార్కుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంది. వెనక పిల్లలు కేక పెట్టినప్పుడల్లా ఆమె చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగేది.

"లోపలికి పోయొచ్చినాక తినండమ్మా. నీళ్ళల్లో ఆడినాక తింటేనే రుచి" అంది.

లోపల తాడు కట్టిన చోట మైకులో అరవంలో అరుస్తున్నారు, "సెరుప్పు వెళియే విడుంగ, ఎల్లారుం సెరుప్పు వెళియే విడుంగ" అని. చెప్పులు బయటే విడవాలట, తగిలితే గాలి సంచీలు చిరుగుతాయట. సుగంధి తాడు ఇవతలే నిలబడిపోయింది. భవ్యశ్రీ కొంగు పట్టుకుని లాగింది.

"నువ్వొస్తేనే నేను పోయేది అవ్వా!"

సుగంధి మొగుడి వైపు చూసింది. వరదన్ ఒక్క క్షణం ఆలోచించి, "కింద ప్లాస్టిక్ పట్టా పరిచినారు లే. నేల తగలదు" అన్నాడు మెల్లగా.

ఆమె చెప్పులు విడిచింది.

నాలుగడుగులు వేసిందో లేదో బొటనవేళ్ళు చల్లబడ్డాయి. పట్టా ఆపలేదు. ఇన్నేళ్ళైనా కాళ్ళు ఏదీ మరిచిపోలేదు. కింద, చాలా లోతున, తీపినీళ్ళు. సుగంధికి భయం వేయాల్సింది పోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుట్టింటి నుంచి మనిషి వచ్చినట్టు అనిపించింది. కాసేపు ఎవరికీ చెప్పకుండా, అటూ ఇటూ ఊరికే నడిచింది.

పార్కు నడిమధ్యన పెద్ద గాలి కొలను. దాని గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసింది. ట్యాంకర్లతో తెచ్చి నింపిన నీళ్ళు ఎండకు గోరువెచ్చగా ఉన్నాయి. చుట్టూ గాలి మిషన్ల హోరు. జనరేటర్ తడబడినప్పుడల్లా ఆ హోరు తగ్గేది. ఆక్టోపస్ తల కొంచెం వాలేది, మళ్ళీ ఉబ్బి లేచేది. ఎన్నో బొమ్మలు, అన్నీ ఒకేసారి ఊపిరి వదిలి ఒకేసారి పీల్చుకుంటున్నాయి. మనుషులెవరూ దాన్ని గమనించడం లేదు.

చూడగా చూడగా సుగంధికి ఇంకొకటి కనపడింది. కొలను నిండా పిల్లలు. బంతులు విసురుతున్నారు, ఒకరినొకరు తరుముకుంటున్నారు. అయితే ఆక్టోపస్‌కు అవతలి మూల దగ్గరికి వచ్చేసరికి అందరూ చుట్టూ తిరిగిపోతున్నారు. పొమ్మన్నవాళ్ళు లేరు, రావద్దన్నవాళ్ళు లేరు. పరుగెత్తుకొచ్చే పిల్లాడు కూడా ఆ మూలకు రాగానే పక్కకు వంగి పోతున్నాడు. బంతి ఒకటి అక్కడ పడింది. కొట్టుకుపోకుండా అక్కడే నిలిచి మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. దాని కోసం ఎవరూ పోలేదు.

భవ్యశ్రీ పోయింది.

బంతి తీసుకోవడానికి వంగిన పిల్ల వంగినట్టే ఆగి నీళ్ళలోకి చూసింది. నిటారుగా నిలబడింది. ఒక అడుగు ఎడమకు వేసి ఆగింది. నవ్వింది. ఒక అడుగు కుడికి వేసి ఆగింది. ఈసారి నవ్వలేదు.

ఆ నడక సుగంధికి తెలుసు. చీర తడుస్తుందన్న ధ్యాస కూడా లేకుండా నీళ్ళలోకి దిగింది.

"ఏందమ్మా, ఏమైంది?"

"కింద పాప ఉండాది అవ్వా. నేను అడుగేస్తే తనూ ఏస్తాది." పిల్ల గొంతు సన్నబడింది. "ఒక కాలెత్తితే రెండోదాన్ని పట్టుకుంటా ఉండాది. ఇడస్తా లేదు."

సుగంధి పిల్ల చంకల కింద చేతులు వేసి, రెండు కాళ్ళూ ఒకేసారి లేచేట్టు పైకెత్తింది. గట్టు మీది నుంచి సతీష్ పరుగున వచ్చి అందుకున్నాడు. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. మే నెల ఎండలో పళ్ళు టకటకలాడుతున్నాయి. ధరణి తువాలు చుట్టి గుండెలకు అదుముకుంది.

సుగంధి బయటికి రాబోయింది. రాలేకపోయింది. ఆమె కాళ్ళ కింద ప్లాస్టిక్ మెత్తగా లోపలికి దిగింది. చుట్టూ వెచ్చటి నీళ్ళలో ఆమె నిలబడ్డ చోట మాత్రం చలి. అది పిక్కలెక్కింది, మోకాళ్ళు దాటింది, నడుముకు వచ్చింది. అప్పుడు ఆమె అరికాళ్ళకు రెండు అరికాళ్ళు ఆనాయి.

చిన్నవి. ఆమె కాలిలో సగానికి కూడా రావు. మామిడితోటలోని కాళ్ళు ఆమె కదిలితే తప్ప కదలకుండా, బరువుగా ఆని ఉన్నాయి. ఇవి కుదురుగా లేవు. ఒక కాలి మీది బరువు రెండో కాలికి మార్చుకుంటూ, వేళ్ళు ఆడిస్తూ, తన వంతు ఎప్పుడొస్తుందా అని వరుసలో నిలబడ్డ పిల్లలా ఉన్నాయి.

పార్కు నడిపే గుణ విజిల్ ఊదుతూ వచ్చాడు. "పెద్దవాళ్ళు దిగకూడదమ్మా, బయటికి రండి!"

"అమ్మా, రామ్మా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు సతీష్ సిగ్గుతో.

వరదన్ మాత్రం పెళ్ళాం మొహం చూశాడు. పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఈడనేనా?"

"ఊ."

"పెద్దదా?"

"చిన్నబిడ్డ."

వరదన్ గుణ వైపు తిరిగి, "ఈడ బాయి ఉండిందా అబ్బోడా?" అన్నాడు. గుణ చేతిలో విజిల్ కిందికి దిగింది. తనది చెన్నై అనీ, ఈ ఊరి సంగతులు తెలియవనీ అన్నాడు. ఎంత మన్ను కొట్టి చదును చేసినా ఆ మూల మాత్రం రోజూ దిగబడుతోందన్నాడు. "గేటు కాడ ముంజలు అమ్మే చెంగమ్మది ఈ ఊరే. ఆమెనడగండి" అన్నాడు.

వరదన్ పోయి ఆమెను అడిగాడు. ఏమని అడిగాడో సుగంధికి వినపడలేదు. ముంజల గంప అట్లాగే వదిలేసి చెంగమ్మ లేవడం మాత్రం కనపడింది. పార్కు వైపు తిరగని మనిషి తిన్నగా లోపలికి నడిచి వచ్చింది. ఎవరూ ఆపలేదు.

"బాయి సంగతి నీకెవురు చెప్పినారమ్మా?" అంది గట్టు పట్టుకుని.

"ఎవురూ చెప్పలేదక్కా. చిన్నబిడ్డ. కాలు ఇంతే ఉంటాది." సుగంధి నీళ్ళ పైన చెయ్యి పెట్టి కొలత చూపింది. "కుడికాలి చిటికెనవేలు పక్క వేలి మిందికి ఎక్కి ఉండాది."

చెంగమ్మ గట్టు మీద కూలబడింది.

"చందన" అంది. "నా కూతురు. చెనిక్కాయలు పీకతా ఉంటిమి. బాయి గట్టు మింద ఆడుకుంటా ఉణ్ణింది. పొద్దు వాలక ముందే తీసినారు బయటికి. ఈ చేతులతోనే పూడ్చిపెట్టి వస్తిమి. ప్లాట్లేసినోళ్ళు బాయి పూడ్చేస్తే ఇంక అంతే అనుకుంటిని. ఈ పిల్లోళ్ళ అరుపులు ఇన్న కాడి నుంచి ఇల్లు పట్టలేదమ్మా నాకు. ఈడనే కూకోవాలనిపిస్తాది. తిరిగి చూసేదానికి మాత్రం చేత కాలేదు."

ఆమె కొలనులోకి దిగి సుగంధి పక్కన నిలబడింది. కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, "నాకేమీ తెలీలేదే. ఉడుకునీళ్ళే ఉండాయి" అంది.

"నా కాళ్ళ మింద ఎక్కక్కా."

"నీ కాళ్ళు తొక్కాల్నా తల్లీ?"

"తొక్కు. ఏం కాదు."

చెంగమ్మ ముందు ఆమె భుజం తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత ఒక్కొక్క కాలూ ఎత్తి సుగంధి పాదాల మీద పెట్టి, పడిపోకుండా ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరు ముసలివాళ్ళు మోకాలిలోతు నీళ్ళలో అట్లా నిలబడ్డారు. వెనకే తిరిగొచ్చిన వరదన్ ఇద్దర్నీ పట్టుకున్నాడు. అవతల పిల్లలు కేకలు పెడుతూనే ఉన్నారు.

చెంగమ్మ బరువు దిగగానే కింద ఆడుతున్న వేళ్ళు ఆగిపోయాయి. రెండు చిన్న పాదాలు సుగంధి పాదాలకు గట్టిగా, పూర్తిగా అతుక్కున్నాయి.

"ఏం చేస్తా ఉండాది?" చెంగమ్మ ఆమె చెవిలో గుసగుసగా అడిగింది.

"గమ్మున ఉండాది. ఇంటా ఉన్నట్టుంది. ఏమన్నా చెప్పు."

చెంగమ్మ ఇన్నేళ్ళూ ఏమేమి దాచుకుందో అదంతా ఎటు పోయిందో. మామూలు ఇంటి మాటే నోట్లోంచి వచ్చింది.

"చందనా, ఆడింది చాలుమే. పండుకో పోమ్మా. నేను ఈడనే ఉండాను."

సుగంధికి మొదట వేళ్ళు విడిపోయినట్టు తెలిసింది. తర్వాత మడమలు. ఆ పాదాలు నేరుగా కిందికి పోలేదు. ఒక పక్కకు జారి వెళ్ళాయి. చలి నడుము నుంచి దిగి, మోకాళ్ళ దగ్గర కొంతసేపు ఉండి, తర్వాత దిగిపోయింది. చుట్టూ ఉన్న వెచ్చటి నీళ్ళు వచ్చి ఆ చోటు నింపాయి.

గుణ మధ్యాహ్నానికే కొలను ఖాళీ చేయించి, దాన్ని ఆ ఖాళీ నేలలో ఇంకో చివరికి మార్పించాడు. గాలి లీకవుతోందని మైకులో చెప్పించాడు. తిరుగు ప్రయాణంలో భవ్యశ్రీ అమ్మ ఒళ్ళో నిద్రపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కూరగాయలు తరుగుతుంటే సుగంధి కోడలికి అన్నీ చెప్పింది, టెంకాయ నుంచి మామిడితోట దాకా. ధరణి గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. అబద్ధమనలేదు, నిజమనలేదు. కత్తి కింద పెట్టి ఒకటే అడిగింది.

"పాపకు నొప్పి ఉంటాదా అత్తా?"

"నొప్పి లేదు. భయమే."

"పెద్దయితే భయం పోతాదా?"

సుగంధి అబద్ధం చెప్పలేకపోయింది. "నాకు పోలేదు. నన్నెవురూ దాన్ని గురించి మాట్లాడనీలేదు. ఎత్తుకోని పారిపోయినాం. చెప్పులేసినారు. అంతే."

ధరణి కత్తి మళ్ళీ అందుకుంది. "మనం మాట్లాడదాం" అంది.

తర్వాతి ఆదివారం భవ్యశ్రీ తనంతట తనే అడిగింది, పార్కుకు కాదు, ముంజల అవ్వ దగ్గరికి పోదామని. సతీష్ వద్దన్నాడు. ధరణి వినలేదు. అత్తనూ కూతుర్నీ తీసుకుని తనే కారు నడిపింది. చెంగమ్మ గేటు దగ్గర లేదు. కొలను తీసేసిన ఖాళీ మూలన, ఒక ప్లాటు రాయి పక్కన కూర్చుని ఉంది. వాళ్ళను చూసి లేచి నిలబడింది.

వారమంతా ఎండ అగ్గి కురిసినట్టు కురిసింది. నేల నెర్రెలిచ్చి ఉంది. కొలను ఎత్తేసి అన్ని రోజులైనా ఆ మూలన ఒక్క చోట మాత్రం మన్ను నల్లగా తడిగా ఉంది. గీత గీసినట్టు గుండ్రంగా. ఎవరూ నీళ్ళు పొయ్యలేదని చెంగమ్మ చెప్పింది. పొద్దున వచ్చి చూసినా అట్లే, సాయంత్రం చూసినా అట్లే.

ధరణి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "పోవాలనుందా? వద్దంటే ఇంటికి పోదాం" అంది.

"పోతా. నువ్వు చెయ్యి పట్టుకో" అంది పిల్ల.

ఒక చెయ్యి అమ్మకు, ఒక చెయ్యి అవ్వకు ఇచ్చి, భవ్యశ్రీ వట్టికాళ్ళతో ఆ తడిమట్టి మీద అడుగు పెట్టింది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి. తల పక్కకు వంచి చాలాసేపు నిలబడింది. కాలు ఎత్తి కొంచెం అవతల మెల్లగా పెట్టింది, నిద్రపోయేవాళ్ళను దాటేటప్పుడు పెట్టినట్టు.

"కాళ్ళు తగల్లేదు అవ్వా" అంది గుసగుసగా. "వీపు తగిలింది. అట్ల తిరిగి పండుకోని ఉండాది."

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి చాపి పిల్లను పిలిచింది.

"అట్లయితే లేపొద్దు. వచ్చెయ్ తల్లీ, మెల్లంగా."